జర్మన్ ఇంటిపేరు ష్రోడర్ అంటే దర్జీ అనేనా?

మా అమ్మాయి పెళ్లి చేసుకోబోయే జర్మన్ అబ్బాయి ఇంటిపేరు ష్రోడర్, దానికి దర్జీ అని అర్థమట, వాళ్లది దర్జీల కుటుంబమేనా అని అడిగారు. సగం నిజమండీ. ఆ పేరు వెనక రెండు వృత్తులున్నాయి. అబ్బాయి తాతముత్తాతలది ఏ ప్రాంతమో తెలిస్తే గానీ వాళ్లది ఏదో చెప్పలేం.

ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లు ఉత్తర జర్మనీలోని హానోవర్‌లో, తర్వాత తూర్పున సాక్సనీ రాష్ట్రంలోని లైప్‌సిగ్‌లో ఉన్నాను. హానోవర్ ఆఫీసులో ష్రోడర్ కావాలంటే ముందు "ఏ ష్రోడర్?" అని ఎదురు ప్రశ్న వచ్చేది. జర్మనీ మొత్తంలో ఎక్కువగా కనిపించే మొదటి ఇరవై ఇంటిపేర్లలో ఇదొకటి. ఉత్తరాది జర్మన్ యాసలో ష్రోడెన్ అంటే కోయడం, కత్తిరించడం. బట్ట కత్తిరించి కుట్టేవాడు ష్రోడర్. తర్వాత ష్నైడర్ అనే మాట ఉత్తరానికీ పాకి టైలర్‌కి అదే ఖాయమైపోయింది. పాత మాట పనిలోంచి తప్పుకుని ఇంటిపేర్లలో మిగిలింది. బ్రౌన్‌ష్వైగ్ వైపు ష్రాడర్ అంటారు, రైన్ దిగువ ప్రాంతంలో మధ్యలో 'డ' కూడా మింగేసి ష్రోయర్ అంటారు. చాలావరకు ఆ దర్జీలే.

లైప్‌సిగ్ వచ్చాక అదే పేరు ష్రోటర్‌గా ఎదురైంది. సాక్సనీ, థురింగియా ప్రాంతాల్లో ఈ రూపం ఎక్కువ. ఇక్కడ కత్తెర ఒక్కటే కాదు. ఆ క్రియకే బరువైనవాటిని దొర్లించి దించడం అనే అర్థం కూడా ఉండేది. ద్రాక్షసారా, బీరు పీపాలను బండి మీంచి దింపి నేలమాళిగలోకి చేర్చేవాడు ష్రోటర్. నిండు పీపాని మనిషి ఎత్తలేడు. నిచ్చెనలా ఉండే రెండు దుంగల చట్రాన్ని మాళిగ మెట్ల మీద వాలుగా వేసి, పీపాకి తాడు చుట్టి, పైనుంచి కొంచెం కొంచెంగా వదిలేవారు. తాడు జారిందా, సరుకూ పోతుంది, కింద ఉన్నవాడి కాళ్లూ పోతాయి. సారా మీద పన్ను కూడా ఉండేది కాబట్టి చాలా ఊళ్లలో ఈ పని ప్రమాణం చేయించుకున్న మనుషులకే అప్పగించేవారు. ఆ నిచ్చెన బొమ్మ కొన్ని కుటుంబాల చిహ్నాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

అలాగని 'ట' ఉంటే పీపాలు, 'డ' ఉంటే బట్టలు అని లెక్క కట్టేయకండి. మధ్య జర్మనీ వాళ్ల నోట్లో 'ట', 'డ' కలిసిపోతాయి. చర్చి రిజిస్టర్‌లో పాదిరీగారు విన్నదే రాసేవారు. తండ్రి ష్రోటర్, కొడుకు ష్రోడర్ అయిపోవడం మామూలే. 1876 జనవరి 1 నుంచి దేశమంతటా ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఆఫీసులు వచ్చాకే స్పెల్లింగ్ కదలకుండా నిలిచింది.

నాకు తెలిసిన ఒకాయన హాల్లో కత్తెర బొమ్మతో ష్రోడర్ వంశ చిహ్నం ఫ్రేమ్ కట్టించి పెట్టుకున్నాడు, ఆన్‌లైన్‌లో కొన్నాడట. వాళ్ల పూర్వీకులు తరతరాలుగా సాక్సనీలోనే ఉన్నారు, పాత కాగితాల్లో పేరు ష్రోటర్ అనే ఉంది. పేరు చెబితే చిహ్నం అమ్మే ఇలాంటి షాపులను నమ్మకండి. అక్కడ చిహ్నం ఒక్కో కుటుంబానిది, ఇంటిపేరు ఉన్న అందరిదీ కాదు.

ఇక కుటుంబ వృత్తి సంగతి. ఇంటిపేర్లు జర్మన్ పట్టణాల్లో 12వ శతాబ్దం నుంచి మొదలయ్యాయి. మొదట్లో మనిషి పని మారితే పేరూ మారేది. పేరు తరాలకు స్థిరపడ్డాక, దర్జీ మనవడు పిండిమర పెట్టుకున్నా ష్రోడరే. పడమటి జర్మనీలోని వెస్ట్‌ఫాలియాలో ఇంకో తిరకాసు ఉంది. అక్కడ పొలంతో పాటు పేరు వచ్చేది. ఇల్లరికం వెళ్లిన అల్లుడు తన పేరు వదిలేసి ఆ కమతం పేరు పెట్టుకునేవాడు, పిల్లలకీ అదే. కాబట్టి మీ కాబోయే అల్లుడిగారి మూలపురుషుడు సూదీ పట్టి ఉండకపోవచ్చు, పీపా దొర్లించీ ఉండకపోవచ్చు, ష్రోడర్ వాళ్ల ఇంటికి అల్లుడిగా వెళ్లి ఉండొచ్చు.

తెలుసుకోవాలని ఉంటే అబ్బాయిని "మీ ముత్తాతలది ఏ ఊరు?" అని అడగండి. వాళ్లకి అదేమీ తప్పుగా అనిపించదు, కబుర్లు కూడా కలుస్తాయి. ప్రొటెస్టెంట్ కుటుంబమైతే చాలా చర్చి రిజిస్టర్లు ఆర్కియన్ అనే సైట్‌లో డబ్బు కట్టి చూడొచ్చు. కాకపోతే ఆ పాత చేతిరాత చదవడం అక్కడివాళ్లకే కష్టం.

మీరు అడగకపోయినా ఇంకో మాట. పెళ్లయ్యాక మీ అమ్మాయి ఇంటిపేరు పోతుందని టెన్షన్ పడక్కర్లేదు. అక్కడ ఎవరి పేరు వాళ్లు ఉంచుకోవచ్చు. 2025 మే 1 నుంచి వచ్చిన చట్టంతో ఇద్దరూ రెండు పేర్లూ కలిపి పెట్టుకోవచ్చు కూడా. పెళ్లికార్డు ఇంగ్లిష్‌లో వేయిస్తే మాత్రం, పేరులోని 'ఓ' (ö) మీద రెండు చుక్కలు పెట్టడం ప్రెస్‌వాళ్లకి కుదరకపోతే, చుక్కలు తీసేసి పక్కనే 'ఈ' (e) అక్షరం చేర్చమనండి (Schroeder). పాస్‌పోర్ట్ కింద మెషీన్ చదివే వరుసలో కూడా అలాగే ఉంటుంది. పిలిచేటప్పుడు పెదాలు 'ఓ'కి పెట్టినట్టు గుండ్రంగా పెట్టి 'ఏ' అంటే చాలావరకు దగ్గరకొస్తారు.