పారితోషికం తగ్గించుకున్నారు, స్టూడియో కొన్నారు

ప్రశ్న: స్టార్ ట్రెక్ టీవీ సీరియల్ హాలీవుడ్ స్టూడియో పారామౌంట్ వాళ్లదే అనుకునేదాన్ని. పాత ఎపిసోడ్ల చివర 'డెసిలూ' అని పడుతోంది. ఎవరు వీళ్లు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: డెసి ఆర్నాజ్, లూసిల్ బాల్ అనే భార్యాభర్తలు 1950లో పెట్టుకున్న నిర్మాణ సంస్థ అది. ఆవిడ సినిమా నటి, ఆయన క్యూబా నుంచి వచ్చి సొంత బ్యాండ్ నడుపుకునేవాడు. లూసిల్‌తో టీవీ కామెడీ చేద్దామని అమెరికా టీవీ నెట్‌వర్క్ సీబీఎస్ వాళ్లొస్తే, భర్త వేషం మా ఆయనకే ఇవ్వాలంది. అమెరికన్ అమ్మాయికి క్యూబా మొగుడంటే జనం నమ్మరని వాళ్లు నసిగారు (అప్పటికి వీళ్లకి పెళ్లయి పదేళ్లు!). దాంతో ఇద్దరూ ఊరూరా స్టేజీ షోలు వేసి, జనం నవ్వుతున్నారని చూపించి మరీ ఒప్పించారు. అలా 1951 అక్టోబర్ 15న 'ఐ లవ్ లూసీ' మొదలైంది.

అసలు తెలివి బేరంలో ఉంది. అప్పట్లో చాలా షోలు న్యూయార్క్ నుంచి లైవ్‌లో వచ్చేవి, దూరప్రాంతాలకి టీవీ తెరనే కెమెరాతో షూట్ చేసి పంపేవాళ్లు, బొమ్మ మసకమసగ్గా ఉండేది. స్పాన్సర్ అయిన సిగరెట్ కంపెనీ న్యూయార్క్ రమ్మంటే, వీళ్లు హాలీవుడ్ వదలం, సినిమా ఫిల్మ్ మీదే తీస్తాం అన్నారు. మరి ఖర్చు? పారితోషికం తగ్గించుకుంటాం, ఎపిసోడ్లు మాత్రం మా సొంతం అన్నాడు డెసి. ఒకసారి వేసేసిన కామెడీని మళ్లీ ఎవడు చూస్తాడనుకున్నారో ఏమో, సీబీఎస్ వాళ్లు సరేనన్నారు! ఎదురుగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, మూడు 35 ఎంఎం కెమెరాలతో ఒకేసారి తీసేవాళ్లు. ఛాయాగ్రహణం కార్ల్ ఫ్రాయిండ్, జర్మనీలో 'మెట్రోపోలిస్'కి పనిచేసిన ఆయన.

షో సూపర్ హిట్. ఆ ఎపిసోడ్ల హక్కుల్ని తర్వాత సీబీఎస్‌కే అమ్మేశారు, 1957లో ఆర్‌కేవో స్టూడియోలు కొన్నారు. లూసిల్ ఒకప్పుడు జీతానికి పనిచేసిన సంస్థ అది, ఇద్దరికీ పరిచయమైంది కూడా 1940లో అక్కడి సినిమాలోనే. నన్నడిగితే మాత్రం బంగారు గుడ్లు పెట్టే బాతునే అమ్ముకున్నారు, ఎందుకంటే ఆ షో దశాబ్దాల తరబడి తిరిగి తిరిగి ప్రసారమవుతూనే ఉంది. స్టూడియో లేకపోతే తర్వాతి సీరియల్స్ వచ్చేవా అంటే, అదీ నిజమే.

1960లో విడాకులయ్యాయి. 1962లో డెసి వాటా కొనేసి లూసిల్ తనే అధ్యక్షురాలైంది. ఖర్చెక్కువని సంస్థలోవాళ్లే భయపడినా ఆవిడ వెనక నిలబడబట్టి స్టార్ ట్రెక్, మిషన్ ఇంపాజిబుల్ సీరియల్స్ రెండూ 1966లో టీవీలో మొదలయ్యాయి. మరుసటి ఏడాదే 1.7 కోట్ల డాలర్లకి గల్ఫ్ ప్లస్ వెస్టర్న్‌కి అమ్మేసింది. పారామౌంట్ కూడా అప్పటికే ఆ కంపెనీదే, పైగా రెండు స్టూడియోల మధ్య ఒక్క గోడే అడ్డం. అలా డెసిలూ కాస్తా పారామౌంట్ టెలివిజన్ అయింది.

ప్రశ్న: మరి 'ఐ లవ్ లూసీ' ఇంకా సీబీఎస్‌దేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: సీబీఎస్‌దే. కాకపోతే 2019లో సీబీఎస్, పారామౌంట్ యజమాని వయాకామ్ కలిసిపోయాయి కాబట్టి, లూసీ, స్టార్ ట్రెక్ రెండూ ఇప్పుడు ఒకే గూట్లో ఉన్నాయి.