టెక్ సందేహాలు: పాట ఫ్రీగానే వస్తోంది, హక్కు సంగతేంటి?

బ్రాడీపేట, గుంటూరు నుంచి: కొత్త తెలుగు సినిమా పాటల్ని ఎంపీ3లుగా, ఫ్రీగా, చట్టబద్ధంగా డౌన్‌లోడ్ చేసుకునే సైట్ ఏదైనా చెప్పండి. కారులో పెన్‌డ్రైవ్‌కి కావాలి. గూగుల్లో కొడితే బోలెడు సైట్లు వస్తున్నాయి గానీ ఏది అసలుదో తెలియడం లేదు.

మీరు అడిగిన మూడూ, అంటే కొత్త సినిమా పాట, ఉచితం, చట్టబద్ధం, ఒకే సైట్లో దొరకవు. సినిమా పాటల హక్కుల్ని ఆడియో కంపెనీ నిర్మాత దగ్గర కొంటుంది. పెట్టిన డబ్బును యూట్యూబ్ ప్రకటనల మీద, యాప్‌ల చందాల మీద రాబట్టుకుంటుంది. అలాంటిది ఎంపీ3ని ఊరికే చేతిలో ఎందుకు పెడుతుంది? కాబట్టి కొత్త సినిమా ఆల్బమ్ మొత్తాన్ని జిప్ ఫైలుగా ఇస్తున్న సైట్ కనిపిస్తే, అది పైరసీయేనని గుర్తుపట్టడానికి వేరే పరీక్ష అక్కర్లేదు.

వినడం మాత్రం ఉచితమే. యాప్‌లలో కనిపించే ‘డౌన్‌లోడ్’ బటన్ దగ్గరే చాలామంది పొరబడతారు. స్పాటిఫై ప్రీమియంలో దించుకున్న పాట ఆ యాప్‌లోనే మోగుతుంది, పెన్‌డ్రైవ్‌లోకి రాదు. 30 రోజులకు ఒకసారైనా ఫోన్ నెట్‌కు కలవాలి, లేదంటే దించుకున్నవి పోతాయి. యూట్యూబ్ మ్యూజిక్ ప్రీమియంలోనూ ఇంచుమించు ఇదే లెక్క. 2024లో వింక్ మ్యూజిక్ అనే పాటల యాప్ మూతపడినప్పుడు అందులో దాచుకున్న పాటలూ దాంతోపాటే వెళ్లిపోయాయి. యాప్ డౌన్‌లోడ్ అంటే అద్దె ఇల్లనే అనుకోండి.

పెన్‌డ్రైవ్‌కి పనికొచ్చేవి రెండు దారులు. ఐట్యూన్స్ స్టోర్‌లో పాట దొరికితే విడిగా కొనుక్కోవచ్చు. 2009 నుంచి అక్కడ అమ్మే పాటలకు నకలు తీసుకోకుండా అడ్డుకునే డిజిటల్ తాళం లేదు, 256 కేబీపీఎస్ (ఈ అంకె నాణ్యతకు కొలత) ఏఏసీ ఫైలు వస్తుంది. ఏఏసీ అంటే ఎంపీ3 లాంటిదే మరో ఆడియో ఫార్మాట్. రెండోది, ఇంట్లో అటక మీద పడి ఉన్న సొంత సీడీలు. విండోస్ మీడియా ప్లేయర్‌లో సీడీ పెట్టి, ‘రిప్ సెట్టింగ్స్’లో ఫార్మాట్ ఎంపీ3 అని, నాణ్యత 320 కేబీపీఎస్ అని ఎంచుకుని ‘రిప్’ నొక్కండి, సీడీలోని పాటలు ఫైళ్లుగా మారతాయి. అయిదు నిమిషాల పాట 12 ఎంబీ అవుతుంది. సొంత వాడకం కోసం సముచితంగా చేసుకునే నకలుకు మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టారా, అది ఇక సొంత వాడకం కాదు.

పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. చాలా కారు స్టీరియోలు ఎన్‌టీఎఫ్ఎస్ అనే మరో డ్రైవ్ ఫార్మాట్‌ను గుర్తించవు, కొన్ని ఏఏసీని కూడా చదవవు. పాటలు వరస తప్పి మోగుతుంటే ఫైలు పేర్ల ముందు 001, 002 అని అంకెలు వేసి, డ్రైవ్ ఖాళీ చేసి మళ్లీ ఆ వరసలోనే కాపీ చేయండి. కొన్ని స్టీరియోలు పేరును పట్టించుకోవు, కాపీ అయిన క్రమాన్నే పాటిస్తాయి. తెలుగు పేర్లు డబ్బాలుగా కనిపిస్తే తప్పు ఫైలుది కాదు, స్టీరియోలో తెలుగు ఫాంట్ లేదు. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చుకోవడమే మార్గం.

సత్యనారాయణపురం, విజయవాడ నుంచి: మా అమ్మాయి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. త్యాగరాజ కృతులకు కాపీరైట్ ఉండదు కదండీ, ఏ విద్వాంసుడి రికార్డింగైనా దించుకోవచ్చా? ఘంటసాల పాత పాటల సంగతేంటి?

కృతికి లేదు, రికార్డింగ్‌కి ఉంది. ఒక్క పాటలో మూడు హక్కులుంటాయి: సాహిత్యానిది, బాణీది, రికార్డింగ్‌ది. మొదటి రెండూ రచయిత, స్వరకర్త మరణించాక 60 ఏళ్ల వరకు. త్యాగరాజస్వామి 1847లోనే సిద్ధి పొందారు కాబట్టి ఆయన కృతిని మీ అమ్మాయి పాడి, రికార్డు చేసి, ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కానీ నిన్న మొన్న ఒక విద్వాంసుడు పాడిన క్యాసెట్టో సీడీయో అయితే ఆ రికార్డింగ్ హక్కు, విడుదలైన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు నడుస్తుంది. 1962లో వచ్చిన రికార్డు లెక్క 1963 జనవరి 1న మొదలై 2022 డిసెంబర్ 31తో తీరిపోయింది.

ఘంటసాల విషయంలో మెలిక ఉంది. 1962 నాటి సినిమా పాటకు రికార్డింగ్ హక్కు తీరినా, ఆయన స్వరపరిచిన బాణీ హక్కు తీరదు. ఆయన 1974లో పోయారు, అంటే 2034 చివరి దాకా లెక్క ఉంది. పాట రాసిన కవిది మళ్లీ వేరే లెక్క. పాత పాట కదా అని ఛానెల్లో పెట్టేసి, నోటీసు వచ్చాక ఆశ్చర్యపోయేది ఈ రెండు హక్కుల్నీ మర్చిపోయినవాళ్లే.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కర్ణాటక సంగీతం కుప్పలుగా ఉంటుంది. అక్కడ ఉన్నంత మాత్రాన ఉచితమని కాదు, ఎవరైనా ఎక్కించవచ్చు. పేజీలో ‘యూసేజ్’ అనే వరుసలో లైసెన్స్ పేరు ఉందా, ఎక్కించింది ఎవరు, రికార్డింగ్ ఏ ఏడాదిది అన్న మూడూ చూడండి. సరిపోతే కుడివైపు ‘డౌన్‌లోడ్ ఆప్షన్స్’లో వీబీఆర్ ఎంపీ3 గానీ, సాధనకు స్పష్టంగా కావాలంటే నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైలు గానీ తీసుకోండి. పాత గ్రామఫోను రికార్డులను డిజిటల్ చేసి పెట్టినందుకే ఆ సంస్థ మీద 2023లో అమెరికాలో పెద్ద మ్యూజిక్ కంపెనీలు కోర్టుకెక్కాయి. అక్కడి గడువులు వేరు, మన గడువులు వేరు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికైతే మ్యూస్‌ఓపెన్ అనే సైట్ ఉంది, ఖాతా తెరిస్తే చాలు.

విజయవాడలో ఉండి ఆకాశవాణిని మరవకండి. 1948 నుంచి నడుస్తున్న కేంద్రం అది, భక్తిరంజని పుట్టిన చోటు. ఆకాశవాణి వారి న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో ప్రత్యక్ష ప్రసారం పైసా ఖర్చు లేకుండా వినవచ్చు. రాగాలు చెవికెక్కడానికి డౌన్‌లోడ్ కన్నా పొద్దుటి పూట రేడియోయే మేలు, ఇది నా పక్షపాతం.

పటమట, విజయవాడ నుంచి: కోట్లు తీసుకునేవాళ్ల పాట నేను ఫ్రీగా వింటే ఎవరికి నష్టం? పైరసీ చేసేవాళ్లంతా ఎలాగూ కొనేవాళ్లు కాదుగా?

మీ రెండో మాటలో నిజముంది. దొంగ కాపీ ఒక్కొక్కటీ పోయిన బేరం కిందే జమకట్టి కంపెనీలు చెప్పే నష్టాల లెక్కలు నమ్మదగ్గవి కావు. 1999లో పాటల ఫైళ్లను జనం ఒకరికొకరు ఉచితంగా పంచుకునే నాప్‌స్టర్ వచ్చింది, 2001లో కోర్టు దెబ్బకు మూతపడింది, అయినా పైరసీ ఆగలేదు. 2003లో ఐట్యూన్స్ స్టోర్‌లో పాటను విడిగా 99 సెంట్లకు అమ్మడం మొదలుపెట్టాకే కొనే అలవాటు వచ్చింది. సులువుగా, అందుబాటు ధరకు ఇస్తే జనం కొంటారు. డబ్బు కట్టినా ఫైలు చేతికివ్వని, మూతపడితే పాటలు మాయమయ్యే యాప్‌ల తప్పూ ఉంది.

మొదటి మాట మాత్రం ఒప్పుకోను. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత సినిమా పాటైనా రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో సమాన వాటా ఉంటుంది, దాన్ని రాసిచ్చేయమని నిర్మాత అడగడానికి వీల్లేదు. ఐపీఆర్ఎస్ అనే సంఘం దాన్ని వసూలు చేసి పంచుతుంది. చట్టబద్ధమైన చోట పాట మోగితేనే ఆ వాటా లెక్కలోకి వస్తుంది. పైరసీ సైటు కూడా ధర్మసత్రం కాదు, ప్రకటనల మీద సంపాదిస్తుంది. అందులో పాట రాసినవాడికి చిల్లిగవ్వ రాదు. తెలిసి ఉల్లంఘించినవాళ్లకు కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి.

పైగా అక్కడ దొరికే ‘320 కేబీపీఎస్’ చాలాసార్లు అబద్ధం. 128 ఫైలునో, యూట్యూబ్ నుంచి లాగినదాన్నో 320 డబ్బాలో పోసి ఇస్తారు. పాలలో నీళ్లు కలిపితే పాత్ర నిండుతుంది గానీ పాలు పెరగవు. స్పెక్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు వేసి చూడండి, పాటలోని ధ్వని పౌనఃపున్యాలను అది రంగుల పటంగా చూపిస్తుంది. నిజమైన 320 అయితే రంగులు సుమారు 20 కిలోహెర్ట్జ్ దాకా పాకుతాయి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతే అది చాలావరకు 128 నుంచి వచ్చిందే.

లక్ష్మీపురం, గుంటూరు నుంచి: షార్ట్ ఫిల్మ్ తీశాం. నేపథ్య సంగీతం ఉచితంగా ఎక్కడ దొరుకుతుంది? సినిమా పాట 15 సెకన్ల లోపు వాడితే ఏమీ కాదంటున్నారు, నిజమేనా?

15 సెకన్లు, 30 సెకన్లు అన్న నియమం చట్టంలో లేదు. వీడియోలోని పాటల్ని తనంతట తానే గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ కొన్ని సెకన్ల ముక్కనైనా పట్టేస్తుంది.

ముందు యూట్యూబ్ స్టూడియోలో ఎడమవైపు మెనూలో ‘ఆడియో లైబ్రరీ’ తెరవండి. ఫిల్టర్‌లో ‘ఆట్రిబ్యూషన్ నాట్ రిక్వైర్డ్’ పెడితే పేరు చెప్పనక్కర్లేని సంగీతమే వస్తుంది. ఆదాయం వచ్చే వీడియోలకూ వాడుకోవచ్చు, ఆ సంగీతాన్ని విడిగా ఫైలుగా పంచకూడదు. అక్కడ నచ్చకపోతే ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్, ఇన్‌కాంపెటెక్, సీసీమిక్స్‌టర్. వీటిలో ఎక్కువ భాగం క్రియేటివ్ కామన్స్ లైసెన్సులే, అంటే షరతులు పాటిస్తే ఉచితంగా వాడుకోనిచ్చేవి, చిక్కంతా వాటి చివరి అక్షరాల్లో ఉంటుంది. ‘బై’ ఒక్కటే ఉంటే పేరు చెప్పి వాడుకోండి. ‘ఎన్‌సీ’ (వ్యాపారానికి వాడకూడదు) ఉంటే ఛానెల్‌కి ప్రకటనల ఆదాయం ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు. ‘ఎస్ఏ’ ఉంటే మీ ఫిల్మ్‌ను కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. ‘ఎన్‌డీ’ని (మార్పులు చేయకూడదు) ఎవరూ అనుమానించరు. పాటను ముక్క చేయకుండా మొత్తం వాడినా సరే, దృశ్యానికి జత చేస్తే అది మార్పు కిందికే వస్తుంది కాబట్టి వీడియోకి పనికిరాదు.

వివరణ పెట్టెలో సంగీతం పేరు, స్వరకర్త, లైసెన్స్ పేరు, రెండింటి లింకులు రాయండి. దించుకున్న రోజే లైసెన్స్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ప్రాజెక్టు ఫోల్డర్‌లో పడేయండి. సక్రమంగా వాడినా ఎవరో అదే సంగీతం తమదని క్లెయిమ్ వేస్తారు. అప్పుడు ‘డిస్ప్యూట్’ నొక్కి ఈ ఆధారం పెట్టాలి, అవతలివాళ్లకు 30 రోజుల గడువుంటుంది. క్లెయిమ్ వేరు, ఛానెల్ మీద పడే కాపీరైట్ హెచ్చరిక అయిన స్ట్రైక్ వేరు. క్లెయిమ్‌తో ఆదాయం అటు పోతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోవచ్చు.

గవర్నర్‌పేట, విజయవాడ నుంచి: పెళ్లి ఊరేగింపులో సినిమా పాటలు వేస్తే లైసెన్స్ కావాలా? ఆ వీడియో యూట్యూబ్‌లో పెట్టవచ్చా?

ఊరేగింపుకు, పెళ్లి వేడుకలకు అక్కర్లేదు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది, 2023 జులైలో కేంద్రం దాన్ని మరోసారి స్పష్టం చేసింది. యూట్యూబ్‌కి ఆ మినహాయింపు వర్తించదు. సినిమా పాట వినిపించే చోట శబ్దం తీసేసి, బదులుగా యూట్యూబ్ ఆడియో లైబ్రరీ సంగీతం వేసి ఎక్కించండి.

కొరిటెపాడు, గుంటూరు నుంచి: పాట డౌన్‌లోడ్ నొక్కితే ఏదో ఇన్‌స్టాల్ అయింది. అప్పటి నుంచి ఫోన్ నిండా ప్రకటనలు.

మీరు దించింది ఎంపీ3 కాదు, ఏపీకే, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైలు. ఎంపీ3 ఏ ఇన్‌స్టాల్ అనుమతీ అడగదు. ముందు మొబైల్ డేటా, వైఫై ఆపండి. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిచి, ఆ రోజు చేరిన కొత్త యాప్‌ని తీసేయండి. ‘అన్ఇన్‌స్టాల్’ పనిచేయకపోతే సెక్యూరిటీలో ‘డివైస్ అడ్మిన్ యాప్స్’కి వెళ్లి దాని టిక్కు తీసేసి మళ్లీ ప్రయత్నించండి. తర్వాత ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’లో క్రోమ్‌కి ఇచ్చిన అనుమతి, క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో తెలియని సైట్లకు ఇచ్చిన నోటిఫికేషన్లు ఆపండి. చివర్లో నెట్ పెట్టి ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ స్కాన్ చేయండి. ఆ యాప్‌కి ఎస్ఎంఎస్ అనుమతి ఇచ్చి ఉంటే ఓటీపీలు దానికి కనిపించినట్టే. వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డులు, యూపీఐ పిన్ మార్చండి. డబ్బు కదిలినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.