బొమ్మ మూసి అంచు చదువు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వు పంపిన గ్రాఫ్ చూశాను. "మూడు రెట్లు పెరిగిందట మామయ్యా!" అని రాశావు. పక్కనున్న అంకెలు చదివావా? ఒక కడ్డీ 96 దగ్గర ఆగింది, రెండోది 98 దగ్గర. అడుగున సున్నా ఉండాల్సిన చోట 95 ఉంది. అందుకే మొదటిది ఒక గడి ఎత్తు, రెండోది మూడు గడులు. కంటికి మూడు రెట్లు, లెక్కకి రెండు శాతం. అంకెల్లో అబద్ధం ఒక్కటీ లేదు, అదే చిక్కు.

ఇలాంటివి నేనూ గీశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, రిపోర్టులో పెరుగుదల కనిపించడం లేదని పై అధికారి విసుక్కుంటే అడుగు కత్తిరించి ఇచ్చాను. మీటింగ్‌లో అందరూ మెచ్చుకున్నారు. అంచు వైపు చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అప్పటి నుంచి ఏ గ్రాఫ్ వచ్చినా బొమ్మని అరచేత్తో మూసి, ముందు అంచున ఉన్న అంకెలు చదువుతాను. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

అలాగని సున్నా లేని ప్రతిదీ మోసం అనుకోకు. జ్వరం చార్టుని సున్నా నుంచి గీస్తే 37 డిగ్రీలకీ 40కీ పెద్ద తేడా కనబడదు. రోగి మూలుగుతూనే ఉంటాడు, గీత మాత్రం హాయిగా పడుకుని ఉంటుంది. కడ్డీలకి ఎత్తే లెక్క కాబట్టి సున్నా కావాలి. గీతలకి ఆ పట్టింపు లేదు.

"రెట్టింపు" అన్న మాట వినబడితే మాత్రం ఎంతకి రెట్టింపో అడుగు. 1995లో బ్రిటన్‌లో, కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని ప్రభుత్వ కమిటీ హెచ్చరించింది. టెన్షన్‌తో చాలామంది మాత్రలు మానేశారు. అసలు లెక్క ఏమిటంటే, సుమారు 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందని. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అబార్షన్లు దాదాపు 13,000 పెరిగాయని అంచనా. పైగా గర్భం వస్తే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రల కంటే ఎక్కువ! ఆ 7,000 అన్న అంకె ముందే చెప్పి ఉంటే ఎంతమంది మానేసేవారు?

ఇంకొకటి. 50 శాతం పడి, మళ్లీ 50 శాతం లేచిందంటే పాత చోటికి వచ్చినట్టు కాదు. 100 కాస్తా 50 అయి, 75 దగ్గర ఆగుతుంది. పడిన సంగతి దాచి లేచింది మాత్రమే చూపిస్తారు కొందరు. కాబట్టి గ్రాఫ్ ఏ నెల నుంచి మొదలైందో కూడా చూడు.

నువ్వు పంపినదాన్ని సున్నా నుంచి మళ్లీ గీయి. రెండూ పక్కపక్కన పెట్టి మీ అమ్మకి చూపించి, ఏమందో రాయి.

మీ మామయ్య