అరబ్బీ డబ్బా మీద ఫ్రెంచి లేబులు

ప్రశ్న: మాది కాకినాడ. దుబాయ్ దేరాలో ఖర్జూరం, తహీనా (నువ్వుల ముద్ద), హల్వా టోకున అమ్మే కంపెనీలో ఎగుమతులు చూస్తాను. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ కిరాణా దుకాణాలవాళ్లు మా సరుకు అడుగుతున్నారు. లేబుళ్లు, కేటలాగు అరబ్బీలోనే ఉన్నాయి. అక్టోబరులో పారిస్ సియాల్ ఆహార వస్తువుల ప్రదర్శనలో స్టాలు కూడా పెడుతున్నాం. ఫ్రెంచిలోకి రాసిపెట్టేవాళ్లు, పక్కనుండి మాట్లాడేవాళ్లు ఫ్రీలాన్స్‌గా ఎక్కడ దొరుకుతారు? అన్నిటికీ ఒక్కరు చాలరా?
— ఒక పాఠకుడు, దుబాయ్

జవాబు: ఒక్కరితో సరిపెట్టకండి. రాసేవారు అనుమానమొస్తే ఆగి వెతుక్కుంటారు. స్టాలు దగ్గర బేరం మాట్లాడేవారికి ఆ వీలుండదు. రెండూ బాగా చేసేవారు ఉంటారు గానీ, వాళ్ల కోసమే కూర్చుంటే సరుకు గోడౌన్‌లోనే ఉండిపోతుంది.

ముందు లేబుళ్ల సంగతి చూడండి. ఫ్రాన్స్‌లో అమ్మే సరుకు వివరాలు ఫ్రెంచిలో ఉండాలన్నది 1994 నాటి తూబోన్ చట్టం. తినే వస్తువులకు యూరోపియన్ యూనియన్ 1169/2011 నిబంధన కూడా వర్తిస్తుంది. అందులో 14 అలర్జీ పదార్థాల జాబితా ఉంది; డబ్బా మీద పదార్థాల వరసలో అవి కొట్టొచ్చినట్టు కనబడాలి. మీ తహీనాలోని నువ్వులు వాటిలో ఒకటి. హల్వాలో పిస్తా వేస్తే ఊరికే గింజలు అని రాస్తే చెల్లదు, పిస్తా అనే రాయాలి. నువ్వులు పడని పిల్లవాడి తల్లి ఆ చిన్న అక్షరాలనే నమ్మి డబ్బా కొంటుంది. ఇది తెలియనివారికి భాష ఎంత వచ్చినా ఈ పని ఇవ్వకండి.

ఫ్రెంచి అనువాదకుల సంఘం ఎస్‌ఎఫ్‌టీ 1947 నుంచీ ఉంది. దాని డైరెక్టరీలో ఏ భాష నుంచి ఏ భాషకో చూసుకుని వెతకొచ్చు. పారిస్ ఎసిట్ అనువాద కళాశాలలో, మొరాకోలో టాంజియర్ కింగ్ ఫహద్ అనువాద పాఠశాలలో, బేరూత్ సెయింట్ జోసెఫ్ యూనివర్సిటీలో చదివినవారి గురించి వాకబు చేయండి. మన హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలోనూ అరబ్బీ, ఫ్రెంచి రెండూ నేర్పుతారు. కానీ అచ్చుకెళ్లే మాట మాత్రం ఫ్రెంచిలో పుట్టి పెరిగినవారు రాయాలన్నది నా గట్టి అభిప్రాయం. కోర్టు గుర్తింపు ఉన్న అనువాదకులు అధికారిక పత్రాలకు కావాలి. లేబులుకు ఆ ఖర్చు దండగ.

ఇద్దరు ముగ్గురిని అనుకున్నాక, మీ లేబులే ఒకటి ఇచ్చి రాయించండి. డబ్బులిచ్చే రాయించుకోండి, ఉచితంగా అడగడం పద్ధతి కాదు. వచ్చాక అంకెలు చూడండి. అరబ్బీ అంకెల్లో ఐదు మన సున్నాలా ఉంటుంది, సున్నా ఉత్త చుక్క. బరువు, గడువు తేదీ తారుమారయ్యేది అక్కడే. డిజైనరు పేజీ పెట్టాక ఆఖరి ప్రూఫ్ మళ్లీ అనువాదకుడికే పంపండి. కుడి నుంచి ఎడమకు నడిచే రాత పక్కన ఫ్రెంచి చేర్చేటప్పుడు వాక్యాలు చెల్లాచెదురవుతాయి. ఆ ప్రూఫ్ చూసినందుకూ ముందే రేటు మాట్లాడుకోండి. రాతపనికి సాధారణంగా పదానికింతని అడుగుతారు, పక్కనుండి మాట్లాడే ఇంటర్‌ప్రెటర్లయితే పూటకో రోజుకో తీసుకుంటారు.

ఇంటర్‌ప్రెటర్‌ని ఖాయం చేసేముందు మీ యజమానితో ఫోన్‌లో కాసేపు మాట్లాడించండి. గల్ఫ్ అరబ్బీకి, మొరాకో, అల్జీరియాల్లో మాట్లాడేదానికి చాలా తేడా. ఆయన మాట వారికి తడుముకోకుండా అందాలి. ధరల పట్టిక, ప్యాకింగ్ సైజులు, డెలివరీ షరతులు వారం ముందే ఇవ్వండి. సియాల్ రోజుల్లో మంచివాళ్లకు గిరాకీ ఎక్కువ. ఆగస్టులో ఫ్రాన్స్‌లో చాలామంది సెలవుల మీద పోతారు కాబట్టి జూలైలోపే మాట ఖాయం చేసుకుని, కాగితం మీద రాయించుకోండి.