ఫొటోలో నక్షత్రాలు గీతలుగా ఎందుకు పడతాయి?

ట్రైపాడ్‌పై కెమెరా కదలకుండా ఉన్నా 30 సెకన్ల ఫొటోలో నక్షత్రాలు గీతలుగా సాగడానికి కారణం భూభ్రమణం: భూమి 23 గంటల 56 నిమిషాలకోసారి తన చుట్టూ తాను తిరగడం వల్ల ఆకాశం గంటకు సుమారు 15 డిగ్రీలు పడమరకు జరుగుతున్నట్లు కనిపిస్తుంది. పల్లెల్లో గొల్లకావడి అని పిలిచే, ఓరియన్ నక్షత్రమండలం నడుములోని మూడు నక్షత్రాలు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) దగ్గరగా ఉంటాయి కాబట్టి బారుగా సాగుతాయి. ధ్రువ నక్షత్రం మాత్రం దాదాపు చుక్కగానే నిలుస్తుంది.

ఖగోళ క్లబ్ అబ్జర్వేటరీలోని ఈక్వటోరియల్ మౌంట్ (ఆకాశం కదలికను అనుసరించి కెమెరాను తిప్పే మోటారు పీఠం) ఇరుసును ఖగోళ ఉత్తర ధ్రువానికి (ఆకాశమంతా దేని చుట్టూ తిరుగుతున్నట్లు కనిపిస్తుందో ఆ ఉత్తర బిందువు; హైదరాబాదులో అది దిగంతం నుంచి సుమారు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది) గురిపెడితే, మోటారు భూభ్రమణానికి ఎదురుగా అదే వేగంతో తిరుగుతూ, గొల్లకావడికి కాస్త దిగువన ఉన్న ఓరియన్ నెబ్యులాను (వాయువు, ధూళి మేఘాన్ని) నిమిషాల తరబడి ఫ్రేములో ఒకేచోట నిలుపుతుంది. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి అర డిగ్రీకి పైగా పక్కన ఉంటుంది కనుక, నేరుగా దానికే గురిపెట్టి ఊరుకోకూడదు.