చిన్నూ, బటన్ నొక్కే ముందు చేతులెత్తించు

చిన్నూ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఏడో తరగతి సైన్సు నీకే ఇచ్చారు, క్లాసులో స్మార్ట్ బోర్డు ఉంది, అమెరికా యూనివర్సిటీ వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లు (తెరమీద చేసే బొమ్మ ప్రయోగాలు) దొరికాయి, ఇక ల్యాబ్ తాళం కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు అని ఒకటే సంబరం. సంబరపడు, కాదనను. కానీ సోమవారం సర్క్యూట్ల పాఠం అన్నావు కదా, 31 ఏళ్ళు ఇదే బెంగళూరులో ఆ పాఠం చెప్పి రిటైరైన దాన్ని, నాలుగు మాటలు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మీ అమ్మ చూస్తే "అక్కయ్య మళ్ళీ క్లాసు మొదలెట్టింది" అంటుంది. అననీ.

ముందు ఆ ఫెట్ సిమ్యులేషన్ల సంగతి. అవి ఎవరో సరదాకి చేసి పడేసినవి కావు. 2001లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాదే కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన పని అది. పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో చూసి, దాన్ని బట్టి మార్చుకుంటూ వచ్చారు. సరుకు మంచిదే, పైగా ఉచితం. తెలుగులో, కన్నడంలో కూడా కొన్ని ఉన్నాయి. ఒక్కోదాన్ని ఫైలుగా దించుకుని పెన్ డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. ఈ ఆఖరి ముక్క నాకు తెలియక, ఇన్‌స్పెక్షన్ రోజున 43 మంది పిల్లలు, వెనక బెంచీలో ఇద్దరు పెద్దమనుషులు, అందరం కలిసి బోర్డు మీద గుండ్రంగా తిరిగే చక్రాన్ని పావుగంట చూశాం. నువ్వు ఆదివారమే దించుకో.

సోమవారం మొదటి పీరియడ్‌లో మాత్రం బోర్డు ఆన్ చెయ్యకు. జంటకి ఒక బ్యాటరీ సెల్లు, ఒక టార్చి బల్బు, ఒకే ఒక్క వైరు ముక్క ఇచ్చి "వెలిగించండి" అను. ఇంకేం చెప్పకు, నోరు కట్టేసుకో. ఏం చేస్తారో నేను ఇప్పుడే చెప్పగలను: సగం మంది బల్బు అడుగుని సెల్లు బుడిపె మీద నిలబెట్టి వెలగదేమిటా అని చూస్తారు, కొందరు వైరుని బల్బు గాజుకి ఆనిస్తారు, ఒకడు "టీచర్, ఇంకో వైరు కావాలి" అని మొండికేస్తాడు. ఒకసారి ఒకమ్మాయి, చాలా నెమ్మదస్తురాలు, క్లాసులో నోరు విప్పేది కాదు, బల్బుని తిప్పి తిప్పి చూసి, మళ్ళీ సెల్లు బుడిపె మీద నిలబెట్టి, వైరు ఒక కొసని సెల్లు అడుగుకి ఆనించి, రెండో కొసతో బల్బు ఇత్తడి తొడుగు పక్కన గీకింది. గీకుతున్నంతసేపూ బల్బు మిణుకుమిణుకుమంది. "ఇక్కడ కూడా ఒక మూతి ఉంది టీచర్" అంది. అంతే, బల్బుకి రెండు కొసలుంటాయన్న సంగతి ఆ పిల్ల కనిపెట్టింది, నేను చెప్పలేదు. సిమ్యులేషన్‌లో ఈ సుఖం లేదు. అక్కడ బల్బుకి ఎక్కడ తగిలించాలో వాళ్ళే గుండ్రాలు గీసి పెట్టారు, వైరు దగ్గరికి తెస్తే చాలు దానంతటదే అతుక్కుంటుంది. తప్పు చెయ్యడానికి చోటే లేదు.

మరి సిమ్యులేషన్ దేనికి? కంటికి కనపడని దానికి. ఇక్కడే అసలు సంగతుంది, కాస్త ఓపిగ్గా చదువు.

మన ఇళ్ళల్లో కరెంటు అనే మాట ఎన్ని పనులు చేస్తుందో ఎప్పుడైనా గమనించావా? కరెంటు పోయింది, కరెంటు బిల్లు, కరెంటు కొట్టింది, గీజరు కరెంటు బాగా లాగుతుంది, ఏసీ వేస్తే కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది. వోల్టేజీ, ఎనర్జీ, షాకు, సప్లయి అన్నీ ఆ ఒక్క మాటే మోస్తోంది. కన్నడం పిల్లలకీ అంతే, "కరెంట్ హోయ్తు" అంటారు. అలా పెరిగిన పిల్లకి ఆ మాట వినగానే ఖర్చైపోయే వస్తువే గుర్తొస్తుంది, నీళ్ళ ట్యాంకరులో నీళ్ళలాగా. అందుకని బల్బు కరెంటుని తినేస్తుందనీ, బల్బు దాటాక వైరులో మిగిలేది కొంచెమేననీ గట్టిగా నమ్ముతుంది. ఆ పిల్ల మొద్దు కాబట్టి కాదు, భాష అలా నేర్పింది కాబట్టి. ఇది కొలరాడోలో కూర్చున్నవాళ్ళు చెయ్యగలిగిన పని కాదు, నీకే తెలియాలి.

కాబట్టి రెండో పీరియడ్‌లో సిమ్యులేషన్‌లో ఒక సెల్లు, ఒక బల్బు, ఒక స్విచ్ పెట్టి, స్విచ్ తెరిచే ఉంచి అడుగు: "బల్బుకి ముందు వైరులో ఎంత కరెంటు ఉంటుందో, తరవాత వైరులో అంతే ఉంటుందా, తగ్గుతుందా?" చేతులెత్తించు, లెక్క బోర్డు పక్కన రాయి. ఊరికే చేతులెత్తితే పక్కవాణ్ణి చూసి ఎత్తుతారు, అందుకని ముందు నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయించు, ఏ భాషలో రాసినా సరే. నా క్లాసుల్లో ఎప్పుడూ "తగ్గుతుంది" అన్నవాళ్ళే ఎక్కువ, ఫస్టు ర్యాంకు వాళ్ళతో సహా. అప్పుడు స్విచ్ మూసి, కరెంటు కొలిచే అమ్మీటరు బల్బుకి ఇటు ఒకటి, అటు ఒకటి పెట్టు. రెండిట్లోనూ ఒకే అంకె. ఆ నిమిషం క్లాసులో వచ్చే గోల కోసమే నేను అన్నేళ్ళు ఉద్యోగం చేశానేమో. "మరి బిల్లు దేనికి కడుతున్నాం?" అని ఎవడో ఒకడు అడుగుతాడు. అడగకపోతే నువ్వే అడుగు. ఖర్చయ్యేది శక్తి అని అప్పుడు చెబితే ఎక్కుతుంది, ముందే చెబితే నోటుబుక్కులో రాసుకుని మర్చిపోతారు.

ముందు బటన్ నొక్కి, తరవాత ప్రశ్న అడిగావో, ఆ సిమ్యులేషన్ టీవీతో సమానం.

ఇంకో మాట. అందులో ఎలక్ట్రాన్లు నీలం గోళీల్లా దొర్లుతూ పోతుంటాయి. ఒక ఏడాది పరీక్షలో ఒకడు "ఎలక్ట్రాన్ రంగు నీలం" అని రాశాడు. నవ్వాను గానీ తప్పు నాదే, ఇది బొమ్మ మాత్రమే అని నేను ఒక్కసారైనా చెప్పలేదు. నువ్వు చెప్పు. అలాగే మొదటి పది నిమిషాలు వాళ్ళ ఇష్టానికి వదిలెయ్. ఎలాగూ వైరుని బ్యాటరీ రెండు కొసలకీ కలిపేసి మంటలు పుట్టిస్తారు, అది చూసి కేకలేస్తారు, ఆ సరదా తీరితే గానీ నీ మాట వినరు. కాకపోతే నిజం సెల్లుతో అలా చేస్తే వైరు వేడెక్కి వేలు చురుక్కుమంటుందని, ఇంట్లో గోడ ప్లగ్గు జోలికి అస్సలు పోకూడదని గట్టిగా చెప్పు. బోర్డు మీది మంట ఎవర్నీ కాల్చదు, అదే దానితో భయం.

లోలకం పాఠం వచ్చినప్పుడూ ఇదే లెక్క. దారంతో అయ్యేది దారంతోనే చెయ్యి. మీటరు పొడవు దారానికి ఒక నట్టు కట్టి కిటికీ చువ్వకి వేలాడదీస్తే అటు పోయి ఇటు తిరిగొచ్చే ఒక్క ఊపుకి దాదాపు 2 సెకన్లు, 20 ఊపులకి 40. ఒకడికి 39 వస్తుంది, ఒకమ్మాయికి 41, ఒకడు లెక్క తప్పి 38 అంటాడు. ఎందుకు తేడా వచ్చిందో వాళ్ళే కొట్లాడుకోనీ, అది కూడా సైన్సే. సిమ్యులేషన్ ఎప్పుడూ ముద్దుగా ఒకే జవాబిస్తుంది. కానీ దారాన్ని చంద్రుడి మీదికి, గురుగ్రహం మీదికి నువ్వు తీసుకెళ్ళలేవు, అది తీసుకెళుతుంది. అక్కడ వాడు.

మన దేశంలో చేసినవి కూడా చూడు, బయటివే గొప్పనుకోకు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 పల్లెటూరి బళ్ళలో చేతులతో చేసి నేర్చుకునే సైన్సు మొదలుపెట్టారు. ఢిల్లీ యూనివర్సిటీ నుంచి సైంటిస్టులు రైలెక్కి వచ్చి టీచర్లతో పాటు నేలమీద కూర్చుని ప్రయోగాలు చేసేవాళ్ళు. పుస్తకం తెరిచి పరీక్ష రాయనిచ్చేవాళ్ళు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది, నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. అరవింద్ గుప్తా గారి చెత్తతో బొమ్మలున్నాయే, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, ఆ పని అక్కడే మొదలైంది. తరవాత ఆయన పుణెలో ఐయుకా అనే ఖగోళ పరిశోధన సంస్థలోని పిల్లల సైన్సు సెంటర్లో చాలా కాలం పనిచేశారు. ఆయన సైటులో అన్నీ ఉచితమే. ముంబైలో సైన్సు బోధన మీద పనిచేసే హోమీ భాభా సెంటర్ వాళ్ళవి ఉన్నాయి, చిన్న తరగతులకి వాళ్ళు చేసిన పుస్తకాల్లో ప్రశ్నలు బాగుంటాయి, దొంగిలించు. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అమెరికా ఎమ్ఐటీ కలిసి చేసిన క్లిక్స్ అనే కంప్యూటర్ పాఠాల కార్యక్రమం తెలంగాణ సర్కారు హైస్కూళ్ళకీ వెళ్ళింది, అందులో తెలుగు పాఠాలున్నాయి. అమృతా యూనివర్సిటీ, సర్కారు కంప్యూటర్ సంస్థ సీడాక్ వాళ్ళ ఓల్యాబ్స్ అనే ఆన్‌లైన్ ల్యాబ్ తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు. ప్రాక్టికల్ పరీక్షకి ముందు ఒకసారి తిప్పి చూసుకోవడానికి పనికొస్తుంది, ల్యాబ్ మానేసి అదే చూపిస్తే మాత్రం పిల్లలకి టెస్ట్ ట్యూబు పట్టుకోవడం కూడా రాదు. ఇక నీకు పక్కనే సర్జాపూర్ దగ్గర అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ ఉంది, వాళ్ళు సైన్సు టీచర్ల కోసమే ఐ వండర్ అనే పత్రిక వేస్తారు, ఊరికే దించుకోవచ్చు. ఇవన్నీ ఒకేసారి నెత్తినేసుకోకు. ఏడాదికి నాలుగు పాఠాలు ఇలా చెయ్యగలిగితే చాలా ఎక్కువ.

ఎందుకంటే సిలబస్ అవ్వాలి, యూనిట్ టెస్ట్ పేపరు పాతదే వస్తుంది. పీరియడ్‌లో ఆఖరి పది నిమిషాలు పుస్తకంలో ఉన్న జవాబు ఉన్నట్టు రాయించు. సిగ్గుపడకు. మార్కులు తగ్గితే పేరెంట్స్ మీటింగ్‌లో ముందు ఎగిరిపోయేది నీ టార్చి బల్బులే.

సామాను గురించి కూడా ఒక మాట. మా బడికి ఒకసారి మంచి కిట్టు వచ్చింది. స్టాక్ రిజిస్టర్లో ఎక్కించారు, బీరువాలో పెట్టారు, "పగిలితే ఎవరు కడతారు" అన్న భయంతో ఆరేళ్ళు ఎవరూ తియ్యలేదు. తీసేసరికి సెల్లులు కారి పచ్చగా పట్టేశాయి. అందుకని పగిలినా పరవాలేదనిపించే సామాను కొను. ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే ఎస్పీ రోడ్‌కి వెళ్ళు, శనివారం సాయంత్రం కాకుండా, కాలు పెట్టలేం. రెండున్నర వోల్టుల టార్చి బల్బు అని అడుగు. ఎల్ఈడీ తీసుకో మేడం అని అంటగడతారు, వద్దను. ఎల్ఈడీకి ప్లస్సు మైనస్సు చూడాలి, ఒక్క సెల్లుతో వెలగదు, మొదటి రోజే పిల్లలు డీలా పడతారు. దాన్ని రెండో వారానికి దాచుకో.

మన ఊళ్ళోని సైన్సు పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీలో అందరినీ లోపలికి రానిచ్చే ఓపెన్ డే ఏడాదికోసారి ఉంటుంది, పిల్లల్ని తీసుకెళ్ళాలనుకుంటే పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి జాతరే. ఆ రోజు నన్నూ పిలువు, ఇద్దరు పిల్లల చెయ్యి నేను పట్టుకుంటాను.

ఆదివారం ఇటు రా. నా దగ్గర బిస్కెట్ డబ్బాలో 20 బల్బులున్నాయి, తీసుకెళ్ళు. అందులో నాలుగు మాడిపోయినవి, వాటికి గుర్తు పెట్టలేదు, కావాలనే కలిపాను. ఆ నాలుగూ ఎవరికి వస్తాయో, వాళ్ళు తప్పు తమదా బల్బుదా అని ఎలా తేల్చుకుంటారో చూడు. చూసి ఆ సాయంత్రమే ఫోన్ చెయ్యి, వాయిస్ మెసేజ్ కాదు.

మీ పెద్దమ్మ