ఓవెన్ పక్క సందులు: ఏవి మూయాలి, ఏవి వదిలేయాలి

ఓవెన్‌కి రెండు వైపులా సన్నటి సందు, డిష్‌వాషర్ పక్కన కాస్త ఖాళీ, హాబ్ (బండలో దింపి బిగించే గాజు పొయ్యి) అంచు కిందికి నీళ్లు దిగడం. అన్నిటికీ సిలికాన్ (సందులు మూసే రబ్బరు లాంటి జిగురు) పట్టించేస్తే సరిపోతుందా అని రాయగడ నుంచి అడిగారు. వద్దండీ. ఆ సందుల్లో కొన్ని వడ్రంగి కొలత వల్ల వచ్చినవి, కొన్ని మెషీన్‌కి గాలి ఆడాలని కంపెనీవాళ్లే వదలమన్నవి. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, అదే చిక్కు.

మాది బరంపురం. గోపాల్‌పూర్ సముద్రం పక్కనే కాబట్టి గాలిలో తడి, ఉప్పు. సందు దొరికితే బొద్దింకలు కాపురం పెట్టేస్తాయి. అందుకే ఇక్కడ అందరికీ మూసేయాలనే ఆత్రం. మా వీధిలో ఒకరు ఓవెన్ చుట్టూ స్ప్రే ఫోమ్, అంటే నురగలా వచ్చి గట్టిపడే సరుకు, కొట్టించారు. కొన్నాళ్లకి ఓవెన్ వేడిని అదుపులో పెట్టే థర్మోస్టాట్ పోయింది. మెకానిక్ వస్తే ఓవెన్ బయటికి రాలేదు, పక్క పలక కోయించాల్సి వచ్చింది. ఆ ఫోమ్ మంట అంటుకునే సరుకు కూడాను, వంటింట్లో వేడి తగిలే చోట దానికి పనే లేదు.

ఓవెన్ పక్క సందు ఎలా వస్తుందో మా వంటిల్లు చేయించినప్పుడు దగ్గరుండి చూశాను. 60 సెంటీమీటర్ల ఓవెన్ అంటే ముందు ముఖం దాదాపు 595 మి.మీ., వెనకున్న డబ్బా 560 లోపు. ఓవెన్ కూర్చునే బీరువా బయటి కొలత 600 ఉండి, రెండు పక్కలా 18 మి.మీ. పలకలు పోతే లోపల 564 మిగులుతుంది. డబ్బా లోపలికి వెళుతుంది, ముఖం పలకల అంచుల్ని కప్పేస్తుంది. వడ్రంగి ఆ 600ని లోపలి కొలతగా తీసుకుంటే ముఖం కప్పడానికి ఏమీ ఉండదు, సందు తేలిపోతుంది. మీ ఇంట్లోనూ ఇదే అయ్యుంటుంది, టేపు పెట్టి చూడండి.

లోపల 600 ఉంటే మందు కూడా ఆ లెక్కలోనే ఉంది. ఓవెన్ బయటికి తీసి, రెండు వైపులా ముందు భాగంలో 18 మి.మీ. ప్లైవుడ్ పట్టీ నిలువుగా బిగించండి. మళ్లీ 564 అవుతుంది. ముఖం పట్టీల మీదికి వచ్చి కూర్చుంటుంది, ఓవెన్ పక్క స్క్రూలు కూడా వాటిలోకే దిగుతాయి. పట్టీ రెండంగుళాల లోతుంటే చాలు, వెనకంతా ఖాళీగానే ఉండాలి. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర (తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గుర్తు) చూసి కొనండి, ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన పలక) ముక్క మాత్రం పెట్టనివ్వకండి, వానాకాలంలో ఉబ్బుతుంది. సముద్రం దగ్గరివాళ్లయితే స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి.

డిష్‌వాషర్‌కీ పట్టీయే, కానీ మెషీన్‌కి కాదు, పక్క బీరువాకి బిగించాలి. రెండు మూడు మిల్లీమీటర్లు వదలండి, లేకపోతే సర్వీసుకి లాగినప్పుడు గీతలు పడతాయి. బొద్దింకల బెడద ఉంటే పట్టీ అంచుకి, తలుపుల కింద వేసే బ్రష్ పట్టీ అతికించుకోవచ్చు.

హాబ్ గాజు కింద పెట్టే ఫోమ్ టేపు మామూలుగా దాని పెట్టెలోనే వస్తుంది. చాలామంది ఫిట్టర్లు దాన్ని పారేసి సిలికాన్ వేస్తారు, ఎందుకో! తర్వాత హాబ్ ఎత్తాలంటే గాజు పగిలే ప్రమాదం. హాబ్ కింది అరలో గాలి రంధ్రాలుంటే అందం కోసం మూయకండి. సిలిండర్ వంట గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందికే దిగుతుంది, బయటికి పోయే దారి ఉండాలి.

మరి సిలికాన్ ఎక్కడంటే, గ్రానైట్ బండ గోడని కలిసే గీత దగ్గర. వెనిగర్ వాసన వచ్చే రకం రాయికి పడదు, న్యూట్రల్ రకం అడగండి. రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి, సిలికాన్ పట్టించి, సబ్బునీళ్లలో ముంచిన వేలితో లాగి, ఆరకముందే టేపు తీసేయండి. ఒక రోజు తడి తగలనివ్వకండి.

పట్టీల మీద అతికించడానికి పాత సన్‌మైకా షేడు దొరకదేమోనని దిగులు వద్దు. దగ్గరి రంగు వేస్తేనే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మేం ఓవెన్ గాజుకి సరిపోయేలా నల్ల పట్టీ వేయించాం. వచ్చినవాళ్లు అది ఓవెన్‌లో భాగమే అనుకుంటున్నారు.